రివెట్లు కొట్టిన కేరియర్‌తో అమర్‌కంటక్ దాకా

అమర్‌కంటక్‌లో నర్మద ఎక్కడ పుట్టింది, ఏ గుడి ఎవరు కట్టించారు, ఇవన్నీ తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేనక్కడ ఉన్నది మూడు గంటలు. అందులో రెండు గంటలు సత్రం అరుగు మీద పడుకున్నాను. మిగిలిన గంటలో టీ తాగి కాళ్లు పిసుక్కున్నాను. దారి గురించి అడగండి, చెప్తాను. ఆ దారిలో ప్రతి గొయ్యీ నా నడుముకి గుర్తుంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఈ ప్రయాణం సంగతి ఎవరికి చెప్పినా ఒకటే మాట. “పాసుంది కదా, సైకిలేటి?” నిజమే. పెండ్రా రోడ్ దాకా రైలుంది, అక్కణ్ణుంచి కొండ మీదికి బస్సుంది. ఊరికే తీసుకెళ్లే రైలుని కాదని అడివిలో సైకిలు తొక్కుతానన్న మనిషిని ముందు రైల్వే ఆస్పత్రిలో చూపించాలంది మా ఆవిడ. ఆవిడకి నేను అసలు కారణం చెప్పలేదు. మీకు చెప్తాను, కాస్త ఆగండి.

దయాల్‌బంద్: ఎవరు కూర్చుంటారు?

దేశమంతా సైకిలు మీద తిరుగుతున్న బెంగాలీ ఒకాయన ఆ శీతాకాలం మా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో రెండు రోజులు దిగాడు. అందరూ ఆయన కబుర్లు విన్నారు. నేను ఆయన సైకిలు కేరియర్ చూశాను. దానికి రెండు పక్కలా చక్రానికి ఆనుకుని రెండు సంచులు కిందికి వేలాడుతున్నాయి. వీపు మీద ఏమీ లేదు. “మూట వీపు మీద ఉంటే మధ్యాహ్నానికి మనిషి పని అయిపోతుంది, చక్రం పక్కన ఉంటే మర్చిపోవచ్చు” అన్నాడు హిందీలో. ఆ మాట నాకు పట్టుకుంది. నలభై రెండేళ్లు వచ్చాయి, ఒక్కసారైనా అలా వెళ్లాలనిపించింది.

దయాల్‌బంద్‌లో సైకిలు సామాన్ల కొట్టుకి వెళ్లి కేరియర్ కావాలన్నాను. “భాభీజీ కూర్చుంటారా, పాలు వెళ్తాయా?” అనడిగాడు కొట్టతను. మా ఊళ్లో కేరియర్లు ఈ రెండు రకాలే మరి. భార్యని కూర్చోబెట్టేది సన్న చువ్వతో, వెడల్పుగా, మీద స్ప్రింగు పట్టీతో ఉంటుంది, ఇరవై రూపాయలు. పాలవాళ్లది లావు చువ్వతో ఉంటుంది, కేన్లు తగిలించడానికి రెండు పక్కలా కొక్కేలుంటాయి, నలభై ఐదు. మా ఆవిడా కాదు, పాలూ కాదు, బట్టలూ బియ్యమూ అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, పాలదే పట్టుకెళ్లమన్నాడు.

అతను చెప్పింది విని ఉంటే సరిపోయేది. పాలవాళ్ల కేరియర్ కాళ్లు బోల్టులతో బిగుస్తాయి, కావాలంటే వదులవుతాయి. బరువు కిందికి దిగుతుంది. కొక్కేలు కాస్త వెనక్కి ఉంటాయి కాబట్టి మడమ సంచికి తగలదు. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. ఇలాంటి యాత్ర చేయబోయేవాళ్లు నలభై ఐదు రూపాయలు పెట్టి అదే కొనుక్కోండి. నేను కొనలేదు. ఎందుకంటే మా పక్క క్వార్టర్‌లో పైడిరాజు బావ ఉన్నాడు.

పైడిరాజు బావ నాకు రక్తసంబంధం కాదు. వాళ్లది విజయనగరం పక్క పల్లె, మాది బొబ్బిలి దగ్గర. ఇరవయ్యేళ్లు ఒక గోడకి అటూ ఇటూ ఉంటే వరసలు వాటంతటవే కలుస్తాయి. ఆయన స్టీము షెడ్డులో బాయిలర్ మేస్త్రి. ఇంజను బాయిలర్‌కి రివెట్లు కొట్టడం పని. మేకు లాంటి ఇనప ముక్కని ఎర్రగా కాల్చి, రెండు రేకుల్లోంచి దూర్చి, రెండో పక్క సుత్తితో అణగ్గొడితే ఇక ఆ రెండు రేకులూ ఒకటే. ఇరవయ్యారేళ్లు ఆ చప్పుడులో నిలబడి ఆయన చెవులు ముప్పాతిక పోయాయి. ఆయనతో ఏ మాట చెప్పినా కేక వేసి చెప్పాలి. మా ఇళ్లలో పప్పులో ఉప్పు ఎక్కువైన సంగతి ఆయనకి చెబితే వీధి చివర గార్డుగారికి తెలుస్తుంది.

“బజార్ల కొంటావేట్రా? నేను ఉండగా?” అన్నాడు నా కేరియర్ సంగతి విని. “పాతినప కబాడీ దగ్గిర పట్టీ ఇనుము నువ్వు కొను. షెడ్డు ఇనుము నేను ముట్టను. అగ్గి మాత్రం షెడ్డుది. అదింకెన్నాళ్లుంటది గనక.”

షెడ్డు మూసేస్తున్నారు. ఆవిరింజన్లు ఒక్కొక్కటీ పోతున్నాయి. మనుషుల్ని తీసెయ్యరు, జీతం తగ్గించరు, ఎక్కడో ఒకచోట సర్దుతారు. బావ తనకి వేగన్ డిపోలో కొలిమి పని ఇస్తారని గట్టిగా నమ్మాడు. ఎవరో మాట వరసకి అన్నారు, ఈయన అదే ఆర్డరనుకున్నాడు. ఏ సుత్తి పట్టుకెళ్లాలో కూడా ఎంచుకున్నాడు.

ఎవరు ఎక్కడికన్న లిస్టు టైపు చేసింది నేను. ఆఫీసులో నా పని అదే. ఒక మంగళవారం మధ్యాహ్నం, పదమూడో పేరు. పైడిరాజు, బాయిలర్ మేస్త్రి, రికార్డు రూము అటెండెంటు. కాగితాల గది. తన పేరు తెలుగులో కూడబలుక్కుని రాయడం తప్ప ఏ భాషలోనూ చదవడం రాని మనిషిని పాత ఫైళ్లు అందించే గదికి వేశారు. ఎవరి తప్పూ కాదు. ఖాళీ అక్కడుంది, అంతే. వచ్చే సోమవారం ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటిస్తారు. బావ దాని ముందు నిలబడి “సూరీ, నాదేటో సదువు” అంటాడు, నేను నలుగురి మధ్యా కేక వేసి చదవాలి.

ఈలోగా చెప్పాలి. కాలనీలో చెప్పలేను. ఆయనకి వినపడితే అందరికీ వినపడుతుంది. రైల్లో చెప్పలేను, పెట్టెలో సగం మంది మావాళ్లే. మనిషి లేని చోటు కావాలి. అదీ సైకిలు సంగతి. ఎప్పుడో అనుకున్న యాత్రని ఆ గురువారానికే పెట్టుకుని, ఆయన్నీ రమ్మన్నాను.

అదే మంగళవారం సాయంత్రం ఆయన నా సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. కేరియర్ చూసి నోరు తెరిచాను. వేగన్ అడుగుభాగం ఎలా ఉంటుందో అలా ఉంది. ప్రతి కీలూ రివెట్టే. సైకిలుకి తగిలించే పట్టీలు కూడా బోల్టులు కాదు, చట్రం చుట్టూ తిప్పి రివెట్టు కొట్టేశాడు. ఇక అది ఊడదు, సైకిలుతో పాటే పుట్టినట్టు. ఎత్తి చూస్తే సైకిలు వెనక భాగం నేల వదల్లేదు. పాలవాళ్లది కొనుక్కుంటాను బావా అనబోయాను. మధ్యాహ్నం టైపు కొట్టిన వేళ్లు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

“శుభ్రంగా ఉంది బావా!” అని కేక వేశాను.

“ఒక్క సుక్క కారదు” అన్నాడు ఆయన మురిసిపోయి.

మంగ్లా, కోటా: మడమ దెబ్బలు

గురువారం పొద్దున్న బయలుదేరాం. ఆయన సైకిలుకి పాత కేరియరే. దాని మీద దుప్పటి, గుడ్డసంచిలో సుత్తి, ఉలి. “డిపోల చేరేలోగా సెయ్యి మొద్దుబారకూడదు గదా” అన్నాడు. నా సైకిలుకి రెండు కాన్వాసు సంచులు. వాటిలో బియ్యం, స్టవ్వు, బట్టలు, మా ఆవిడ ఇచ్చిన ఆవకాయ సీసా.

మంగ్లా దాటకముందే కుడి మడమ సంచికి తగలడం మొదలైంది. బావ నా అడుగు కొలత తీసుకున్నాడు, నిజమే, తాడుతో కొలిచాడు. కానీ వట్టి కాళ్లకి కొలిచాడు. నేను కాన్వాసు బూట్లు వేసుకున్నాను. ప్రతి తొక్కుకీ మడమ సంచికి కొట్టుకుంటోంది. రోజుకి ఎన్నిసార్లు తొక్కుతామో లెక్కపెట్టండి. మధ్యాహ్నానికి బూట్లు విప్పి సంచిలో పెట్టి స్లిప్పర్లతో తొక్కాను. స్లిప్పరు రెండుసార్లు ఊడి వెనక పడింది, వెనక్కెళ్లి తెచ్చుకున్నాను.

గనియారీ దగ్గర టీ అర్ధరూపాయి. కాలనీలో కూడా అంతే, కాకపోతే ఇక్కడ అల్లం వేశాడు. దుకాణం బెంచీ మీద ఒక ముసలావిడ కోడిని ఒళ్లో పెట్టుకుని బస్సు కోసం కూర్చుంది. ఎక్కడికెళ్తున్నారంది. అమర్‌కంటక్ అన్నాను. “పుణ్యానికా?” అంది. బావకి వినపడక నన్నడిగాడు. చెప్పాను. “కాదమ్మా, కేరియర్ సూడ్డానికి” అని తెలుగులోనే జవాబిచ్చాడు. ఆవిడ ఏమర్థం చేసుకుందో గానీ, కోడి తల నిమురుతూ బాగా నవ్వింది.

అక్కడే చెప్పెయ్యాలనుకున్నాను. దుకాణంలో ఆరుగురు. వాళ్లకి తెలుగు రాదు కదా, అరిస్తే ఏం అనుకున్నాను. ఇంతలో బావ గ్లాసు పక్కన పెట్టి, డిపో కొలిమికి గాలి కొట్టే మోటారు ఉందట, చేత్తో తిప్పక్కర్లేదట అని మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది.

కోటా చేరేసరికి సాయంత్రమైంది. ముప్ఫై చిల్లర కిలోమీటర్లకి ఒక రోజు. పాలవాళ్లు ఇంతదూరం రోజూ వచ్చి పోతారు. ధర్మశాలలో సంచి విప్పితే ఆవకాయ సీసా మూత ఊడి నూనె బట్టలకంతా పట్టింది. అంత బిగువు కేరియర్ మీద ప్రతి గతుకూ నేరుగా సీసాకే వెళ్లింది మరి. ఆ రోజుకి ఆ చొక్కాలే దిండు. కళ్లు మండుతూ పడుకున్నాను.

శివతరాయి దాటాక

మర్నాడు అడివిలోకి వచ్చాం. రెండు పక్కలా సాల చెట్లు, ఎర్ర కంకర దారి, అరగంటకో లారీ. మనిషి లేడు. ఇదే చోటు, ఇంతకంటే మంచి చోటు దొరకదు. “బావా!” అన్నాను. ఆయన ముందున్నాడు, వినపడలేదు. గట్టిగా తొక్కి పక్కకి వెళ్లాను. “బావా, నీకొక మాట చెప్పాలి!”

అప్పుడే కింద ఏదో పటుక్కుమంది. సైకిలు వెనక భాగం ఒక పక్కకి ఒరిగింది. దిగి చూస్తే కేరియర్ చెక్కుచెదర్లేదు. సీటు కిందనుంచి వెనక చక్రానికి దిగే సన్న గొట్టం, బావ పట్టీ రివెట్టు కొట్టిన చోట, సగం చుట్టూ చిట్లిపోయింది.

బావ వంగి చాలాసేపు చూశాడు. వేలితో ఆ చీలిక తడిమాడు. “నా పట్టీకేటీ కాలేదు” అన్నాడు. అందులో గర్వం లేదు. “గొట్టం ఇరిగిపోనాది. ఏటిది?” అని నన్నే అడిగాడు.

నాకు కోపం వచ్చింది. నాలుగు రోజుల సెలవు, ఒళ్లంతా నొప్పులు, మడమ పుండు, ఆవకాయ చొక్కా, చెప్పాలనుకున్న మాట గొంతులో. “నడవడమే ఇంక!” అని అరిచాను. సంచులు ఆయన సైకిలు మీదికి మార్చి నా సైకిలు తోసుకుంటూ నడిచాం. బరువంతా దిగినా ఆ సైకిలు బరువు తగ్గలేదు.

బుధ్‌రామ్ కొలిమి

దారిలో కట్టెలు మోస్తున్నావిడ చెయ్యి చూపిస్తే పక్క గూడెంలోకి వెళ్లాం. విప్పచెట్టు కింద కొలిమి ఉంది. లోహార్, అంటే కమ్మరి, పేరు బుధ్‌రామ్. బక్కపల్చటి మనిషి, యాభై దాటి ఉంటాయి. వాళ్లావిడ రెండు తోలు తిత్తుల మీద నిలబడి ఒక కాలూ ఒక కాలూ మార్చి తొక్కుతూ గాలి కొడుతోంది. రోజంతా మేం సైకిలు తొక్కినట్టే, కాకపోతే ఆవిడ ఎక్కడికీ వెళ్లడం లేదు. బావ ఆ తిత్తుల్ని చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. “మా తాత దగ్గర ఇలాటిదే, సేత్తో లాగేది” అన్నాడు.

బుధ్‌రామ్ కేరియర్ చుట్టూ తిరిగాడు. గోరుతో ఒక్కో రివెట్టూ తట్టి చూశాడు. “అబ్బడ్ బనే హే” అన్నాడు. చాలా బాగుందని. ఆ మాట నేను కేక వేసి బావకి అందించాను. ఆయన మొహం విప్పారింది. తరవాత బుధ్‌రామ్ తన భాషలో ఇంకో మాటన్నాడు, కానీ ఇది కదలదు, కదిలేదానికి కదలనిదాన్ని కట్టారు అని. ఎడ్లబండికైనా ఇరుసు దగ్గర కాస్త వదులుంచుతామన్నాడు. అది అందించడానికి నాకు నోరు రాలేదు. బావ నా మోకాలు తట్టి, “ఏటంటన్నాడు?” అన్నాడు. చెప్పాను.

“వదులొగ్గితే ఆవిరెల్లిపోదా?” అన్నాడు బావ వెంటనే.

హిందీలోకి మార్చి చెప్పాను. బుధ్‌రామ్ కేరియర్‌కేసి చూసి, నాకేసి చూసి, ఎగతాళి లేకుండా అడిగాడు, ఇందులో ఆవిరి ఎక్కడుంది అని.

నేనది అందించలేదు. బావకి అందింది. ఇరవయ్యారేళ్ల పనివాడికి కొలిమి ముందు కూర్చున్నవాడి మొహం అర్థమవుతుంది. ఒక రివెట్టు మీద బొటనవేలు రాశాడు. తరవాత సంచిలోంచి ఉలి తీశాడు. గొట్టం బాగుచెయ్యాలంటే పట్టీ తియ్యాలి, పట్టీ తియ్యాలంటే రివెట్టు తల నరకాలి. ఉలి దాని మీద పెట్టి సుత్తి ఎత్తి ఆగాడు. “నేను కొట్టింది నేనెప్పుడూ కొయ్యలేదురా” అన్నాడు నాతో. నాలుగు దెబ్బలకి తల ఎగిరి దుమ్ములో పడింది.

ఆ తరవాత రెండు గంటలు నాకు ఏ పనీ లేదు, చూడ్డం తప్ప. చీలిన గొట్టం చుట్టూ తొడగడానికి రేకు కాల్చి తిప్పారు. కేరియర్ కాళ్లకి కింద రివెట్ల బదులు చిన్న కడియాలు వేశారు, కాస్త ఆడేలా. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరికి వినపడదు, అయినా ఒక్కసారీ ఆగలేదు. బుధ్‌రామ్ పట్టకారు తిప్పితే బావ సుత్తి అక్కడే పడుతుంది. తిత్తుల మీద ఆవిడ నవ్వుతోంది. బావకి యాభై ఒకటి, ఆ రెండు గంటలూ అంత వయసున్నట్టు లేడు. ఆ మనిషికి కాగితాల గది అని ఎవరు చెప్తారు? నాకు చేతకాలేదు.

మధ్యాహ్నం ఆవిడ కంచు గిన్నెల్లో బాసి పెట్టింది. రాత్రి అన్నం నీళ్లలో నానబెట్టింది, ఉప్పు, పచ్చి ఉల్లిపాయ, టమాటా పచ్చడి. “ఇది మన సల్దన్నమేరా! ఇక్కడ పేరు మార్చీసినారు” అన్నాడు బావ. మా కాలనీలో పిల్లలకి చద్దన్నం పెడితే నామోషీ అంటారు. ఇక్కడ చుట్టాలకి పెడతారు. నేను మిగిలిన ఆవకాయ ఇస్తే బుధ్‌రామ్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుని, నీళ్లడిగాడు.

ఏ ఊళ్లో పని చేస్తావని బుధ్‌రామ్ అడిగింది నేను అందిస్తే, బావ వచ్చీరాని హిందీలోనే గట్టిగా చెప్పాడు. కొత్త చోటికి వెళ్తున్నానని, అక్కడ పెద్ద కొలిమి ఉందని, ఇంకా ఏడేళ్లు కొడతానని. ఔనా అన్నట్టు బుధ్‌రామ్ నాకేసి చూశాడు. నేను గిన్నెలో ఉల్లిపాయ ఏరుకుంటూ కూర్చున్నాను. పిరికివాణ్ణి, ఏం చెయ్యను?

డబ్బివ్వబోతే బుధ్‌రామ్ పుచ్చుకోలేదు. పని ఇద్దరం చేశాం కదా అన్నాడు. ఆ రాత్రి వాళ్ల వసారాలోనే పడుకున్నాం.

కేంవచీ ఎత్తు

శనివారమంతా ఎక్కడమే. లమ్నీ దాకా తొక్కాం, తరవాత తోశాం. కడియాలు వేశాక కేరియర్ కాస్త కిర్రుమంటోంది గానీ గతుకు నడుముకి రావడం తగ్గింది. బరువు మాత్రం అంతే. కేంవచీలో దారి పక్క ఒక ఢాబా ఉంది. పప్పు, లావు రొట్టెలు, మనిషికి నాలుగు రూపాయలు. పక్కన ట్రక్కు డ్రైవరు మా సైకిళ్లు చూసి, ఎక్కించాల్సింది కొండ మీదికి కాదు లారీ మీదికి అన్నాడు. నేను ఒప్పుకున్నాను. బావ ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఢాబా అరుగు మీదే పడుకున్నాం.

ఆదివారం పొద్దున్న పొగమంచులో ఘాటు రోడ్డు ఎక్కుతున్నాం. ఇంక దారి మిగల్లేదు. కొండెక్కాక యాత్రికులు, తరవాత రైలు, తరవాత సోమవారం. ఒక మలుపులో సైకిలు బండకి ఆనించి నిలబడ్డాను.

“బావా, లిస్టు నేనే టైపు చేశాను!”

“ఏటీ?”

“లిస్టు! నిన్ను డిపోకి వెయ్యలేదు!”

“ఎక్కడికీ?”

“రికార్డు రూము!”

“ఏటది?”

“కాగితాల గది బావా! కాగితాల గది!”

అడివంతా వినపడింది. మలుపు మీద ఆకుల మోపుతో దిగుతున్న ఒక ఆడమనిషి ఆగి మమ్మల్ని చూసి, ఏదో తగాదా అనుకుని గబగబా పక్కకి తప్పుకుని వెళ్లిపోయింది. నా గొంతు మండుతోంది. ఏడుపొస్తోంది కూడా, దాచడం ఎందుకు.

బావ సైకిలు తోసుకుంటూ కదిలాడు. నేను వెనక. ఒక మలుపు, ఇంకో మలుపు. అప్పుడు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“నీకెప్పుడు తెలిసినాది?”

“మంగళవారం!”

ఆగిపోయాడు. లెక్క కట్టుకున్నాడు. “నేను కేరియర్ తెచ్చింది మంగళవారమే గదా. బాగుందన్నావు. అందుకా?”

ఇంత దూరం వచ్చాక ఇంకో అబద్ధం మోసే ఓపిక నాకు లేదు. “బరువు బావా! చచ్చేంత బరువు! మడమకి తగులుతోంది కూడా!”

“మరి సెప్పొద్దా?” ఆయన మొహం ఎర్రబడింది. డిపో మాటకి రాని కోపం ఈ మాటకి వచ్చింది. “పని బాగోలేదంటే తిరిగి సేస్తాను గదా! ఇరవయ్యారేళ్లల ఎన్ని ఇప్పి కొట్టలేదు! ఒప్పుకోవేట్రా నన్ను పనోడినని? జాలి పడతావేటి?” నేను నేలచూపులు చూశాను. ఆయనన్నది న్యాయమే.

కొండ మీది గుడిగంట వినపడే దూరంలో మళ్లీ మాట్లాడాడు, ఈసారి మెల్లిగా. ఆయన మెల్లిగా మాట్లాడ్డం నేను వినడం అదే మొదటిసారి.

“అక్కడ కూకోడానికేటిస్తారు? కుర్సీయా, స్టూలా?”

“స్టూలు.”

నా పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. “ఇన్నేళ్లూ నిలబడే ఉన్నాను. కూకుంటే నిద్రొచ్చీద్ది నాకు” అన్నాడు.

అమర్‌కంటక్, మూడు గంటలు

నర్మద పుట్టే కుండంలో నీళ్లు చల్లగా ఉన్నాయి. నది ఇంత చిన్నగా పుడుతుందని బావ నమ్మలేదు. వేలు ముంచి, “ఇదేనా?” అని ఒక సాధువుని అడిగాడు. పెద్దదవ్వడానికి టైము పడుతుందన్నాడాయన. నేను సత్రం అరుగు చేరాను. పచ్చళ్ల వాళ్లు, రుద్రాక్షల వాళ్లు ఎంత పిలిచినా లేవలేదు. చెప్పాను కదా, అరుగు మీద పడుకున్నాను. లేచేసరికి ఆయన నా సైకిలు తలకిందులు చేసి, కేరియర్ కుడి పక్క పట్టీ సుత్తితో వెనక్కి వంచుతున్నాడు. “బూటేసుకుని తొక్కి సూడు” అన్నాడు. తొక్కాను. తగల్లేదు.

దిగుడంతా పెండ్రా రోడ్ దాకా చక్రాలే లాక్కెళ్లాయి. సైకిళ్లు సామాన్లు వేసే బ్రేక్‌వేన్‌లో వేయించి రైలెక్కాం. ఇంత కాస్త దూరానికి నాలుగు రోజులు ఎందుకు పట్టిందా అని కిటికీలోంచి చూశాను. ఎదురు సీట్లో మా కాలనీ ఫిట్టరొకడు, “పాసుంది కదా, సైకిలేటి?” అన్నాడు.

సోమవారం

తొమ్మిదింటికల్లా బోర్డు ముందు పాతిక ముప్ఫై మంది చేరారు. ఎవరూ ముందుకి జరగడం లేదు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నా భుజమ్మీద చెయ్యి వేసి నన్ను కాగితం ముందుకి తోశాడు.

“నాదేటో సదువు.”

నీకు తెలుసు కదా అన్నట్టు చూశాను.

“నాకు తెలుసు. ఈళ్లకి తెల్దు గదా. గట్టిగా సదువు. మెల్లిగా సదివితే సిగ్గుపడే పనేమో అనుకుంటారు.”

చదివాను. పదమూడో పేరు, షెడ్డులో ఏం చేసేవాడు, ఇప్పుడు ఎక్కడికి, అంతా, ఘాటులో అరిచినంత గట్టిగా. ఎవరూ నవ్వలేదు. నేను కాగితం వదిలి వెనక్కి తిరగబోయాను. బావ చెయ్యి ఇంకా నా భుజమ్మీదే ఉంది, తియ్యలేదు.

“ఆపేసినావేటి? ముందునుంచి సదువు, ఆఖర్దాకా సదువు. ఈళ్లల సగం మందికి సదువు రాదు, నిన్నడగడానికి మొగమాటపడతన్నారు.”

అప్పుడు చూశాను వెనకాల మొహాల్ని. నేను ఒకటో పేరు నుంచి మొదలుపెట్టాను. నలభై ఒక్క పేర్లు ఉన్నాయి.